బెల్టు మార్చాక, ముల్లు మార్చాక: రికార్డుల సేకరణ మీద ఒక సమీక్ష

రికార్డు ప్లేయర్ కొన్న వారంలోపే రాసే సమీక్షలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. చూడటానికి అందంగా ఉంది, బిగించుకోవడం తేలిక, ధ్వనిలో ఏదో వెచ్చదనం ఉంది అంటారు. అబద్ధాలని అనను గానీ, కొత్తగా మొదలుపెట్టేవారికి అవి అక్కరకు రావు. ఈ సరంజామా అసలు గుణం బయటపడేది బెల్టు సాగాక, ముల్లు అరిగాక, బరువుకు అలమర పలక కిందికి వంగాక. నేను వాడుతున్నది బెల్టుతో తిరిగే మామూలు టర్న్‌టేబుల్. ముల్లు పెట్టడం, తీయడం అంతా చేత్తోనే. దానికి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను అయస్కాంతంతో విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న భాగం), ఒక చిన్న ఫోనో ప్రీయాంప్ (ఆ సంకేతాన్ని పెంచే పెట్టె), విడిగా ఒక జత స్పీకర్లు ఉన్నాయి. బెల్టూ ముల్లూ రెండూ ఒక విడత మార్చేశాను కాబట్టి ఇప్పుడు రాయవచ్చనిపించింది.

ఈ వ్యవహారంలో మొదట తలకెక్కించుకోవాల్సింది ఒకటే. వాయించిన ప్రతిసారీ ఒక వజ్రపు మొన ప్లాస్టిక్ గాడిలో రాసుకుంటూ పోతుంది. ఎల్పీలో, అంటే నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద రికార్డులో, ఇరవై నిమిషాలు నడిచే ఒక పక్కను తీసుకుని, ఆ గాడిని విప్పి తిన్నగా పరిస్తే 400 మీటర్లు దాటుతుంది. అంత దూరం ఆ మొన ఎంత కుదురుగా నడిచిందన్న దాని మీదే మీరు వినే ధ్వనీ, రికార్డు ఆయుష్షూ ఆధారపడి ఉంటాయి. అందుకే డబ్బు పెట్టాల్సిన వరుస నా లెక్కలో ఇది: ముందు ముల్లు, దాన్ని రికార్డు మీదుగా మోసే చేయి (టోన్ ఆర్మ్), ఆ తర్వాత స్పీకర్లు, ఆఖరున రికార్డులు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. దొరికిన రికార్డునల్లా పోగుచేసి, మిగిలిన చిల్లరతో ప్లేయర్ వెతుకుతారు.

సూట్‌కేసు ఆకారంలో, స్పీకర్లు లోపలే ఉండి, రంగురంగుల్లో దొరికే ప్లేయర్ల గురించి అడగనివారు ఉండరు. తెలిసినవారి దగ్గర ఒకటి ఉంటే చాలాకాలం విన్నాను. ఒక్కసారి వాయిస్తే రికార్డు నాశనమే అని కొందరు బెదరగొడతారు, అంత లేదు. కానీ వాటిలో ఎక్కువగా ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జ్, అయస్కాంతం బదులు పింగాణీ ముక్కతో పనిచేసే చవక రకం. మూవింగ్ మాగ్నెట్‌కు రెండు గ్రాముల బరువు సరిపోతుంటే, ఇవి రికార్డు మీద తరచూ అయిదు గ్రాముల దరిదాపుల్లో మోపుతాయి. దాన్ని తగ్గించుకునే మార్గం ఉండదు. పైగా స్పీకరు అదే పెట్టెలో ఉండటంతో దాని అదురు మళ్లీ ముల్లుకే చేరుతుంది. డ్రమ్ము గట్టిగా పడిన చోట ముల్లు గెంతడం కళ్లారా చూశాను. బహుమతిగా వస్తే వాడుకోండి, చేతి డబ్బు పెట్టి మాత్రం కొనకండి. బరువు సరిదిద్దుకునే వీలు, ముల్లు మార్చుకునే వీలు ఈ రెండూ లేకపోతే మిగతా హంగులు ఎన్నున్నా నా దృష్టిలో అది లెక్కలోకి రాదు.

రికార్డు పెట్టే పళ్లేన్ని బెల్టుతో తిప్పాలా, మోటారుతో నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవా అన్న వాదులాట ఎప్పటికీ తెగేది కాదు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ప్లేయర్ పుణ్యమా అని డైరెక్ట్ డ్రైవ్ డీజేల సొత్తు అయిపోయింది. మోటారు అదురును పళ్లెం దాకా రానివ్వదు కనుక బెల్టే మేలని మరో వర్గం. కూర్చుని వినేవారికి రెండూ చాలు. తేడా తెలిసేది నిర్వహణలో. బెల్టు రబ్బరు కదా, సాగుతుంది. నా దాంట్లో సంగతి బయటపడింది పియానో స్వరం ఒకటి చాలాసేపు నిలిచే చోట. నిలవాల్సిన స్వరం సన్నగా ఊగింది. ఫోనులో వేగం కొలిచే యాప్ వేసి పళ్లెం మీద పెడితే, 33⅓ దగ్గర ఉండాల్సిన అంకె కిందికి జారి, అక్కడా స్థిరంగా లేదు. కొత్త బెల్టు వేయడం క్షణాల్లో పని. దాన్ని అంతకాలం చెవి పట్టుకోకపోవడమే వింత. వేగం రోజుకింత తగ్గుతూ పోతే మనం దానికే అలవాటుపడిపోతాం.

బిగించుకోవడం తేలిక అన్న మాట సగమే నిజం. పళ్లెం, బెల్టు, మూత ఎవరైనా పెట్టేస్తారు. అసలు పని చేతి వెనక ఉన్న బరువు దగ్గర. దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుతూ, చేయి ఎటూ వాలకుండా గాలిలో అడ్డంగా నిలబడే చోటు పట్టుకోవాలి. అక్కడ అంకెల చక్రాన్ని సున్నాకు తెచ్చి, ఆపైన బరువును చక్రంతో సహా తిప్పి, కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన అంకె దగ్గర ఆపాలి. నా దానికి అది 2 గ్రాములు. చక్రం 2 దగ్గర ఉన్నా, చిన్న డిజిటల్ త్రాసు మీద ముల్లు మోపి చూస్తే 2.3 చూపించింది. ఆ త్రాసు లేకుండా ఎవరూ ఈ సరదాలోకి దిగవద్దని నా సలహా.

ఇక్కడ ఒక అపోహ ఉంది. బరువు ఎంత తగ్గిస్తే రికార్డుకు అంత మంచిదనుకుంటారు. జరిగేది దానికి ఎదురు. బరువు చాలని ముల్లు గాడి గోడలను పట్టుకోలేక గెంతుతుంది, గెంతినప్పుడల్లా గోడను కొడుతుంది, ఆ దెబ్బ మళ్లీ మానదు. తయారీదారు చెప్పిన పరిధిలో కాస్త పై అంకె వైపు ఉండటమే క్షేమం. చేయి లోపలికి లాగబడకుండా ఆపే ఆంటీ స్కేటింగ్ అంకెను కూడా మొదట్లో అంతే పెట్టుకుంటే సరిపోతుంది. పళ్లెం మీద రసమట్టం పెట్టి బల్ల సమంగా ఉందో లేదో చూడటం, స్పీకర్లను ఆ బల్ల మీద పెట్టకపోవడం, ఈ రెండింటికీ పెద్ద ఖర్చు లేదు, ఫలితం మాత్రం వెంటనే వినబడుతుంది.

ఫోనో ప్రీయాంప్ ఎందుకని అడుగుతారు. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సంకేతం కొద్ది మిల్లీవోల్టులే, దాన్ని పెంచాలి. అదొక్కటే కాదు. రికార్డు గాడిని కోసేటప్పుడే మంద్ర ధ్వనులను తగ్గించి, తార ధ్వనులను పెంచి కోస్తారు. లేకపోతే మంద్ర ధ్వనులు గాడిని అటూ ఇటూ విపరీతంగా ఊపి చోటంతా తినేస్తాయి. 1950ల నుంచి స్థిరపడిన ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు సంస్థల సంఘం) ప్రమాణం ప్రకారం ప్రీయాంప్ ఆ హెచ్చుతగ్గులను తిరిగి సరిచేస్తుంది. అది లేకుండా కలిపితే పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పలచగా వినబడుతుంది. కొన్ని ప్లేయర్లలో, కొన్ని ఆంప్లిఫయర్లలో ఇది లోపలే ఉంటుంది. రెండింటిలోనూ ఉంటే ఒకదాన్ని ఆపేయాలి. ఆగకుండా గుయ్ మంటుంటే ముందు ఎర్త్ వైరు బిగించి ఉందో లేదో చూడండి.

ఇక దీర్ఘకాలం వాడినవారికే అర్థమయ్యే చోటుకు వద్దాం. ఎల్పీ మొదటి పాట దగ్గరైనా చివరి పాట దగ్గరైనా నిమిషానికి అన్ని చుట్లే తిరుగుతుంది. అయితే అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి సాగితే, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 20 కొద్దిగా దాటుతుంది. అదే పాటను సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలన్న మాట. ఫలితం చివరి పాటలో గొంతు మీద తెలుస్తుంది. స, శ, ష వచ్చిన ప్రతిచోటా అక్షరం చివర చిరిగి, ఉమ్మినట్టు పడుతుంది. ఇది రికార్డుల పుట్టుకతో వచ్చిన లోపం, ఏ ప్లేయరూ పూర్తిగా పోగొట్టలేదు. కార్ట్రిడ్జ్‌ను ప్రొట్రాక్టర్ (కోణం చూసుకునే గీతల పలక) పెట్టి సరిగ్గా అమర్చితే, గుండ్రటి మొనకు బదులు అండాకారపు ఎలిప్టికల్ మొన వాడితే చాలావరకు అణుగుతుంది.

ఈ చిరుగును బట్టే రోగం ఎక్కడుందో చెప్పవచ్చు. చివరి పాటల్లోనే ఉంటే అమరిక చూసుకోవాలి. మొదటి పాట నుంచే, అదీ అన్ని రికార్డుల్లోనూ ఉంటే ముల్లు అరిగినట్టు. ఒకే రికార్డులో మొదటి నుంచి చివరి దాకా ఉంటే ఆ రికార్డును మీకన్నా ముందు ఎవరో అరిగిన ముల్లుతో వాయించారు, మీరు చేయగలిగింది లేదు. ఏదో ఒక్క చోట టప్ మంటే ధూళో, గీతో. మామూలు ఎలిప్టికల్ ముల్లుకు 500 గంటల తర్వాత అనుమానంగా చూడమంటారు. రోజుకో ఎల్పీ వినేవారికి అది రెండేళ్ల మాట. నేను ప్లేయర్ దగ్గర ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటాను. చాదస్తమే, కానీ అరిగిన ముల్లు మన రికార్డునే చెక్కుతుంటే ఊరుకోలేం.

శుభ్రం విషయంలో మార్కెట్లో అమ్మే సీసాలన్నీ అక్కర్లేదు. కార్బన్ ఫైబర్ బ్రష్షు ఒకటి చాలు. రికార్డు తిరుగుతుండగా వెంట్రుకలను గాడికి తేలికగా ఆనించి, ఒకటి రెండు చుట్లు పోనిచ్చి, మెల్లగా అంచు వైపు జార్చేయాలి. పాత రికార్డు అయితే డిస్టిల్డ్ వాటర్‌తో, లేబుల్ తడవకుండా, గాడి వెంట తుడుస్తాను. ముల్లు మీద బూడిదరంగు పీచు ఉండచుట్టుకుంటుంది. దాన్ని వేలితో తీయకూడదు, చిన్న బ్రష్షుతో వెనక నుంచి ముందుకు మాత్రమే లాగాలి. కొత్త రికార్డుతో వచ్చే కాగితపు కవర్లు కూడా చాలాసార్లు మంచివి కావు, తీసినప్పుడల్లా సన్నగీతలు పడతాయి. వాటి బదులు నున్నటి ఆంటీస్టాటిక్ కవర్లు వేసుకోవడం నేను పెట్టిన ఖర్చుల్లోకెల్లా సార్థకమైనది.

కొనడం దగ్గర నా పద్ధతి పిసినారి పద్ధతి. ఒక్క పాట కోసం ఎల్పీ కొనను. పక్క మొత్తం వినబుద్ధి అయితేనే కొంటాను, ఎందుకంటే మధ్యలో పాట దాటించడానికి లేచి వెళ్లి చేయి ఎత్తి దించాలి, నాలుగు రోజులకే విసుగొస్తుంది. 180 గ్రాములు అని అట్ట మీద పెద్దక్షరాలతో వేస్తారు. బరువైన రికార్డు చేతికి బాగుంటుంది, ధ్వని మాత్రం మాస్టరింగ్‌ను (అచ్చుకు ముందు ధ్వనిని సిద్ధం చేసే పనిని) బట్టీ, అచ్చు నాణ్యతను బట్టీ ఉంటుంది. బరువైనవాటిలో రొద పెట్టేవీ ఉన్నాయి, పలచటి పాతవాటిలో నిశ్శబ్దంగా నడిచేవీ ఉన్నాయి. ఏ అచ్చు అన్నది తెలియాలంటే లేబుల్ చుట్టూ పాట లేని నల్లటి వలయంలో గీసిన అక్షరాలు చదివి, రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైటులో పోల్చి చూసుకోవచ్చు.

వాడిన రికార్డు చేతిలోకి తీసుకున్నప్పుడు అందరూ గీతలు చూస్తారు. దీపం కింద ఏటవాలుగా పట్టి నేనూ చూస్తాను. దానికన్నా నిజం చెప్పేది నడుమ రంధ్రం. రికార్డును పళ్లెం మీద పెట్టేటప్పుడు కడ్డీ కోసం తడుముకున్న ప్రతిసారీ లేబుల్ మీద సన్నటి మెరిసే జాడ పడుతుంది. ఆ జాడలు అల్లుకుపోయి ఉంటే ఆ రికార్డును లెక్కలేనన్నిసార్లు వాయించినట్టే, పైన ఎంత నిగనిగలాడినా. అమ్మేవారు రికార్డు స్థితికి ఇచ్చే గ్రేడు చూసి తెప్పించుకునేవారు వెరీ గుడ్ ప్లస్‌కు కిందికి దిగకపోవడం మంచిది. గుడ్ అనేది ఆ వరుసలో అట్టడుగున ఉన్న మెట్లలో ఒకటి. వంగిన రికార్డు చవగ్గా వస్తుందని తీసుకోకండి. 78 ఆర్‌పీఎం లక్క రికార్డులు ఎదురుపడితే వాటికి వెడల్పాటి వేరే ముల్లు కావాలి, ఆల్కహాలుతో తుడిస్తే లక్క కరిగిపోతుంది. కొత్తవారు వాటి జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు.

ధ్వని మాటకొస్తే, రికార్డు సీడీని మించుతుందని నేను చెప్పను. అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య సీడీకి సిద్ధాంతరీత్యా 96 డెసిబెల్స్ పరిధి ఉంది, ఎల్పీ 70 అందుకోవడమే గొప్ప. కొత్తగా వచ్చే ఎల్పీల్లో చాలా వాటికి మూలం డిజిటల్ మాస్టరే. అయినా నేను వింటున్నది వీటినే. ఇరవై నిమిషాలకు ఒకసారి లేచి పక్క తిప్పాలి కనుక ఆ ఇరవై నిమిషాలూ పాట మీదే మనసుంటుంది, ఫోనులో వేలు జరిపినంత సులువుగా దీన్ని దాటేయలేం. కొన్ని ఆల్బమ్‌లలో రెండో పక్కను ఏ పాటతో మొదలుపెట్టాలన్నది ఎంత ఆలోచించి పెట్టారో ఇలా విన్నాకే తెలిసింది. ఇది మీకు సుఖంగా తోచకపోతే, చాకిరీగా తోస్తే, నిస్సంకోచంగా మానుకోండి. పాట ఎలా విన్నా పాటే.

నిలవచేయడం గురించి ముందే ఆలోచించాలి. వంద ఎల్పీలు అట్టలతో కలిపి పాతిక కిలోల దాకా తూగుతాయి. పుస్తకాల కోసం చేసిన పలచటి పలక అడుగున ఊతం లేకపోతే నిలవదు. రికార్డులు నిటారుగా నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, వాలనివ్వకూడదు, మరీ కుక్కకూడదు. ఎండ పడే కిటికీ దగ్గరా, మూసిన కారులోనూ అసలే వద్దు.

నా ప్లేయర్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. పక్క అయిపోగానే చేయి తనంతట తాను లేవదు, చివరి వలయంలో ముల్లు తిరుగుతూనే ఉంటుంది. వింటూ కునుకు తీసే అలవాటున్నవారికి ఇది చిన్న విషయం కాదు, గంటల కొద్దీ ముల్లు ఆయుష్షు ఊరికే పోతుంది. అలాంటివారు ఆటో స్టాప్ ఉన్నది చూసి కొనుక్కోండి, లేదా పక్క చివర చేయి ఎత్తే చిన్న లిఫ్టరు విడిగా దొరుకుతుంది. నేను రెండోదే తెప్పించుకున్నాను, ఇప్పటికైతే బాగానే పనిచేస్తోంది.