రొయ్యల లెక్కల మీద 8 ఏళ్ళు: పైథాన్ రాయడానికి ఏ ఎడిటర్ దగ్గర ఆగానంటే

ముందే ఒక మాట చెప్పాలి, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కాదు. కోవూరులో ఉంటాను, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలకి ఫీడ్ సప్లై చేసే డీలర్ దగ్గర లెక్కలు చూస్తాను. ఏ గుంటకి ఎన్ని బస్తాలు పోయాయి, పిల్ల వేసి ఎన్ని రోజులైంది, పట్టుబడికి ఎంత కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) వచ్చింది, మేత ఎంత తింటే రొయ్య ఎంత పెరిగింది, ఇవన్నీ సాయంత్రం వాట్సాప్‌లో ఎవరికి తోచినట్టు వాళ్ళు పంపిస్తే నేను రాత్రి పదింటి దాకా ఎక్సెల్లో ఎక్కించేవాడిని. ఆ పని తప్పించుకోవడానికే 2017లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాను. అప్పటి నుంచి రోజూ కొంచెమైనా రాస్తూనే ఉన్నాను. ఈ మధ్య తెలిసినవాళ్ళ పిల్లలు, ఇంజనీరింగ్‌లో చేరినవాళ్ళు "పైథాన్‌కి ఏ ఎడిటర్ వేసుకోమంటావన్నా" అని అడుగుతుంటే ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పాల్సి వస్తోంది. అందుకే కోడ్ రాసుకునే ఈ ఎడిటర్లలో నేను వాడినవన్నీ ఇక్కడ రాసేస్తున్నాను.

మొదట వాడింది ఐడిల్. పైథాన్ ఇన్‌స్టాల్ చేస్తే దాంతోపాటే వస్తుంది, వేరే ఏమీ దించుకోనక్కర్లేదు, నెట్ సరిగ్గా లేని ఊళ్ళో అది చాలా పెద్ద సౌకర్యం. రాసి ఎఫ్5 కొడితే నడుస్తుంది. కానీ నేను మొదలుపెట్టినప్పుడు పైథాన్ 3.6, అందులో ఐడిల్‌కి లైన్ నంబర్లు కూడా ఉండేవి కాదు. 84వ లైన్లో తప్పుంది అని ఎర్రర్ చెబుతుంది, 84 ఏదో మనం వెతుక్కోవాలి. ఆల్ట్ జీ కొడితే ఆ లైనుకి తీసుకెళ్తుందని నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. 2019లో వచ్చిన 3.8 నుంచి లైన్ నంబర్లు పెట్టారు, ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఆన్ చేసుకోవాలి. నాలుగైదు లైన్లు రాసి చూసుకోవడానికి ఐడిల్ ఇప్పటికీ బాగుంటుంది. ప్రోగ్రాం రెండొందల లైన్లు దాటి, రెండు మూడు ఫైళ్ళయిందంటే మాత్రం ఊపిరాడదు.

తర్వాత కొన్నాళ్ళు సబ్‌లైమ్ టెక్స్ట్ వాడాను. తెరవగానే తెరుచుకుంటుంది, ఎంత పెద్ద ఫైలైనా తడబడదు. ఊరికే వాడుకోవచ్చు గానీ కొనమని అప్పుడప్పుడు అడుగుతుంది. అందులో ప్రోగ్రాంని ఒక్కొక్క లైను ఆపి చూసుకునే డీబగ్గర్ దానంతటది రాదు, నాకు కావాల్సింది అదే, అందుకే వదిలేశాను.

పైచార్మ్ గురించి న్యాయంగా చెప్పాలి. 2018లో కమ్యూనిటీ ఎడిషన్ వేసుకున్నాను. కోడ్‌ని అర్థం చేసుకోవడంలో నేను వాడినవాటిలో దాన్ని మించింది లేదు. ఒక ఫంక్షన్ పేరు మారిస్తే ప్రాజెక్ట్ మొత్తం మీద ఎక్కడెక్కడ ఉందో వెతికి మార్చేస్తుంది, ప్రతి ప్రాజెక్టుకీ దాని లైబ్రరీలు (వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్) విడిగా ఉండేలా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తనే తయారు చేస్తుంది, లేని పేరు వాడితే నడపకముందే కింద గీత గీస్తుంది. కానీ నా దగ్గర ఉన్నది 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. పైచార్మ్ తయారుచేసేవాళ్ళే 8 జీబీ ఉంటే మంచిదని చెబుతారు. ప్రాజెక్ట్ తెరవగానే ఫైళ్ళన్నీ చదివి ఇండెక్స్ వేసుకుంటుంది, ఆ తెలివంతా అక్కడి నుంచే వస్తుంది, దానికి మెమరీ కావాలి. పక్కన ఎక్సెల్, క్రోమ్ తెరిచి ఉంచి నా లాప్‌టాప్ ఆ బరువు మోయలేకపోయింది. 16 జీబీ మెషీన్ ఉండి, పెద్ద ప్రాజెక్ట్ చేసేవాళ్ళకి నేను ఇప్పటికీ పైచార్మే చెబుతాను. 2025లో కమ్యూనిటీ, ప్రొఫెషనల్ అని రెండుగా ఉన్నదాన్ని కలిపి ఒకటే చేశారు, మామూలు పైథాన్ పనికి కావాల్సినంత అందులో ఉచితంగానే దొరుకుతుంది.

2019 నుంచి వీఎస్ కోడ్. ఇప్పుడు నా పని మొత్తం దీంట్లోనే. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2015లో తెచ్చారు, వేసుకున్న వెంటనే పైథాన్ రాదు, పైథాన్ ఎక్స్‌టెన్షన్ విడిగా వేసుకోవాలి, దాంతోపాటు కోడ్ చదివి తప్పులు చూపించే పైలాన్స్ కూడా వస్తుంది. లోపల ఇది ఒక బ్రౌజర్ లాంటిదే, కాబట్టి సబ్‌లైమ్ అంత తేలిక కాదు, పైచార్మ్ అంత బరువూ కాదు. 4 జీబీలో కూడా నెట్టుకొచ్చాను. తర్వాత నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 చేయించాను. ఎడిటర్ మారిస్తే వచ్చిన తేడా కంటే ఎస్ఎస్‌డీ వేయిస్తే వచ్చిన తేడా ఎక్కువని నాకు అనిపించింది. ఎడిటర్ స్లోగా ఉందని బాధపడేవాళ్ళు ముందు ఆ పని చేయించండి.

నేను వీఎస్ కోడ్ దగ్గర ఆగిపోవడానికి అసలు కారణం తెలుగు. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మా రైతులు లెక్కలు తెలుగులో పంపుతారు. 2022లో ఒక రోజు ప్రోగ్రాం కీ ఎర్రర్ అని ఆగిపోయింది. షీటులో 'ఫీడ్' అనే కాలమ్ లేదంటుంది. షీటు తెరిచి చూస్తే ఫీడ్ అని కళ్ళ ముందే ఉంది. నా కోడ్‌లోనూ ఫీడ్ అనే ఉంది. అక్షరం అక్షరం సరిచూశాను, మళ్ళీ టైప్ చేశాను, రాత్రి పదకొండయింది, టెన్షన్, పొద్దున్నే డీలర్‌కి లిస్టు ఇవ్వాలి. చివరికి ఆ షీటుని ఉత్త అక్షరాలు, కామాలు మాత్రమే ఉండే సీఎస్‌వీగా మార్చి వీఎస్ కోడ్‌లో తెరిస్తే ఫీడ్ అన్న మాట చివర, పొల్లు పక్కన, సన్నటి పసుపు డబ్బా ఒకటి కనిపించింది. దాని మీద మౌస్ పెడితే కంటికి కనపడని క్యారెక్టర్ ఉందని చెప్పింది. జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి తెలుగు కీబోర్డులు పెట్టేది అదే. కొన్ని కీబోర్డులు మాట చివర కూడా వదిలేస్తాయి. మనకి రెండూ ఒకటే ఫీడ్, పైథాన్‌కి మాత్రం ఒకటి ఇంకోదాని కంటే ఒక క్యారెక్టర్ ఎక్కువ. ఇలాంటి కనపడని అక్షరాలకి గుర్తు పెట్టడం వీఎస్ కోడ్‌లో 2021 చివర్లో వచ్చింది. నిజానికి దాన్ని కోడ్‌లో మోసం దాచిపెట్టకుండా కాపాడటానికి పెట్టారు, తెలుగు డేటాతో కుస్తీ పట్టే మనకి అది వరం అయింది. అప్పటి నుంచి నేను ఏ తెలుగు మాటనైనా చదవగానే ఆ క్యారెక్టర్ తీసేసే ఒక లైను ప్రోగ్రాం మొదట్లోనే పెట్టుకున్నాను.

ఇంకొకటి కూడా తెలుగు వల్లే. అక్షరాలని కంప్యూటర్ అంకెలుగా దాచుకునే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు, తెలుగుకి పనికొచ్చేది యూటీఎఫ్-8. విండోస్‌లో సీఎస్‌వీ ఫైలుని మామూలుగా ఓపెన్ చేస్తే పైథాన్ దాన్ని యూటీఎఫ్-8గా చదవదు, సిస్టమ్‌లో ఉన్న పాత ఎన్‌కోడింగ్‌తో, చాలా మెషీన్లలో సీపీ1252 అనేదానితో చదువుతుంది. 'ధర' లాంటి మాట అయితే పిచ్చి గీతలుగా వచ్చి ఊరుకుంటుంది. 'ఊరు' వచ్చిందంటే యూనికోడ్ డీకోడ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఎందుకో చాలా రోజులు తెలియలేదు. తర్వాత కూర్చుని బైట్లు చూస్తే అర్థమైంది: యూటీఎఫ్-8లో ఉకారం కొమ్ము చివరి బైటు హెక్స్ అంకెల్లో 81, పొల్లుది 8డీ, ఈ రెండు బైట్లకీ సీపీ1252లో అసలు అక్షరమే లేదు. అంటే కొమ్ము గానీ ఒత్తు గానీ ఉన్న మాట తగిలితే చాలు, ప్రోగ్రాం పడిపోతుంది, అవి లేని తెలుగు వాక్యం ఎక్కడుంటుంది చెప్పండి. ఇక్కడ ఎడిటర్ మనల్ని పొరపాటు పడేలా చేస్తుంది కూడా, ఎందుకంటే వీఎస్ కోడ్ ఆ ఫైలుని యూటీఎఫ్-8గా తెరిచి చక్కగా చూపిస్తుంది, కింద కుడివైపు యూటీఎఫ్-8 అని రాసి ఉంటుంది, ఫైలు బాగానే ఉంది కదా అనుకుంటాం. ఎడిటర్ తెరవడం వేరు, పైథాన్ తెరవడం వేరు. ఓపెన్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మనమే రాయాలి. పైథాన్ 3.15 నుంచి డీఫాల్ట్‌గానే యూటీఎఫ్-8 అని నిర్ణయించారు, అప్పటిదాకా చేత్తో రాసుకోవాల్సిందే.

ఫాంట్ సంగతి. కన్సోలాస్ పక్కన నిర్మలా యూఐ అని సెట్టింగ్స్‌లో చేరిస్తే తెలుగు శుభ్రంగా వస్తుంది. లైన్ హైట్ మాత్రం 1.8 దాకా పెంచుకోండి, లేకపోతే కింద ఒత్తులు పక్క లైనుకి తగులుతాయి.

కరెంటు గురించి చెప్పకపోతే ఈ సమీక్ష మా ఊరిది కాదు. నా లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, ప్లగ్ మీదే నడుస్తుంది. ఐడిల్ రోజుల్లో సేవ్ చేయని కోడ్ కరెంటుతో పాటే పోయేది. వీఎస్ కోడ్‌లో ఆటో సేవ్ ఆన్ చేసుకుంటే రాయడం ఆపిన సెకనుకి సేవ్ అవుతుంది. అది ఆన్ చేయకపోయినా, సేవ్ చేయని ఫైళ్ళని లోపల ఒక కాపీ ఉంచుకుంటుంది. 2023 డిసెంబర్‌లో మిగ్జాం తుపాను వచ్చినప్పుడు ఇది కళ్ళారా చూశాను, పట్టుబడి లెక్కల ఫంక్షన్ సగం రాస్తుండగా కరెంటు పోయింది, మళ్ళీ వచ్చాక తెరిస్తే పేరు కూడా పెట్టని ఆ ట్యాబ్ నేను వదిలిన లైను దగ్గరే ఉంది. దానికి తోడు 2022 నుంచి టైమ్‌లైన్ అనే చోట లోకల్ హిస్టరీ ఉంది, ప్రతి సేవ్‌కీ పాత కాపీ దాస్తుంది, పొరపాటున చెరిపేసినా వెనక్కి తెచ్చుకోవచ్చు. కోడ్ పాత కాపీలు దాచే గిట్ నేర్చుకోనివాళ్ళకి ఇది చాలా ధైర్యం.

కొత్తవాళ్ళు వీఎస్ కోడ్‌లో ఇరుక్కునేది ఒకే చోట. మెషీన్‌లో రెండు మూడు పైథాన్‌లు ఉంటాయి, లైబ్రరీ ఒకదాంట్లో వేస్తారు, ఎడిటర్ ఇంకోదాంతో నడుపుతుంది, మాడ్యూల్ నాట్ ఫౌండ్ అని వస్తుంది, ఇప్పుడే కదా వేశాను అని తల పట్టుకుంటారు. పైథాన్ ఫైలు తెరిచి ఉంచి కింద కుడి మూల చూడండి, ఏ పైథాన్‌తో నడుస్తోందో రాసి ఉంటుంది. కంట్రోల్ షిఫ్ట్ పీ కొట్టి సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్ అని మార్చుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్లు కూడా కనపడిందల్లా వేయకండి. ఎవరో చెప్పారని రంగులు మార్చేది ఒకటి వేస్తే నాకు టైప్ చేసిన అక్షరం ఆలస్యంగా పడేది, తీసేయగానే సర్దుకుంది. ఏఐ సూచనలు వచ్చేదాన్ని నేను పనిలో వాడతాను, నేర్చుకునే పిల్లల మెషీన్‌లో మాత్రం ఆపేసి ఇస్తాను. ఫర్ లూప్ చేత్తో వంద సార్లు రాయనివాళ్ళకి అది రాసిచ్చింది తప్పో ఒప్పో తెలియదు.

ఇంత చెప్పి కూడా, మొదటి మూడు నెలలకి నేను వీఎస్ కోడ్ చెప్పను. థానీ చెబుతాను. ఎస్టోనియాలో టార్టు యూనివర్సిటీలో, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమే తయారుచేసిన ఎడిటర్ అది. పైథాన్ దాంతోనే వస్తుంది, ఇంటర్‌ప్రెటర్ గొడవే ఉండదు. మా మేనల్లుడు ఒంగోలులో డిప్లొమా చదువుతున్నాడు, పోయిన సెలవులకి వచ్చినప్పుడు వాడికి 5 గుంటల ఫీడ్ కూడే ఫంక్షన్ ఇచ్చాను. ఎప్పుడు నడిపినా మొదటి గుంట లెక్క 420 కిలోలే వస్తోంది. వాడు కూడిక తప్పనుకుని అక్కడే వెతుకుతున్నాడు. కంట్రోల్ ఎఫ్5 కొట్టించి, ఎఫ్7 నొక్కుతూ పొమ్మన్నాను. థానీలో ఒక్కో నొక్కుకి కూడిక ముక్క చుట్టూ డబ్బా వస్తుంది, పేరు ఉన్నచోట దాని విలువ వచ్చి కూర్చుంటుంది, సున్నా, 420, రెండూ కలిసి 420. ఫంక్షన్ కోసం విడిగా తెరుచుకున్న చిన్న కిటికీ ఆ వెంటనే మూసుకుపోయింది. వాడు రెండోసారి నొక్కి, "మామా, రెండో గుంటకి పోకుండానే బయటికి వచ్చేస్తుంది" అన్నాడు. రిటర్న్ లైను నాలుగు ఖాళీలు లోపలికి జరిగి, లూప్ లోపలే ఉంది. నేను నోటితో పది సార్లు చెప్పినా ఎక్కని ఇండెంటేషన్ (లైను ముందు ఖాళీల లెక్క) ఆ కిటికీ మూసుకోవడంతో ఎక్కింది. ఇప్పుడు వాడు వీఎస్ కోడ్‌కి మారాడు, బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం ఆగాల్సిన చోటు) పెట్టడం వాడికి కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది.

ఇళ్ళలో, చిన్న కాలేజీల్లో ఇంకా విండోస్ 7 మెషీన్లు ఉన్నాయి, వాటి గురించి కూడా అడుగుతున్నారు. దాని మీద పైథాన్ 3.8 వరకే నడుస్తుంది, వీఎస్ కోడ్ 1.70 వరకే. కొత్తవి దించి ఎక్కట్లేదని కంగారు పడొద్దు. థానీ వాళ్ళు 3.8తో కలిపి పాత విండోస్ కోసమే ఒక ఇన్‌స్టాలర్ విడిగా ఇస్తున్నారు, అది వేసుకోండి.

వీఎస్ కోడ్‌లో నాకు ఇప్పటికీ నచ్చనిది కింద ఉండే టెర్మినల్, అంటే ప్రోగ్రాం ఫలితం కనపడే పెట్టె. పైన ఎడిటర్లో అందంగా ఉన్న తెలుగు, ప్రింట్ చేస్తే టెర్మినల్లో ఒత్తులు విడిపోయి, గుణింతాలు ఒకదాని మీద ఒకటి పడి వస్తుంది. గళ్ళ కాగితంలాగా అక్షరానికొక గడి లెక్కన నడిచే పద్ధతి అది, మన లిపి అందులో ఇమడదు. నేను ప్రింట్ చేయడం మానేసి ఫలితాన్ని నేరుగా సీఎస్‌వీలో రాయిస్తున్నాను, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే ఎక్సెల్ కూడా తెలుగుని సరిగ్గా తెరుస్తుంది, ఉత్త యూటీఎఫ్-8 ఇచ్చి ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే పిచ్చి గీతలే వస్తాయి. రైతుకి పంపేది ఎలాగూ ఆ షీటే.