వర్టస్ జీటీ, వెర్నా టర్బో: పాలమూరు రోడ్ల మీద ఏది ఎంత లాగుతుంది?

రెండు డోర్ల కోటి రూపాయల బండ్ల గురించి కాదు ఇది. ఇంట్లోవాళ్లంతా కూర్చోవాలి, డిక్కీలో బియ్యం మూట పట్టాలి, యాక్సిలరేటర్ తొక్కితే ఒళ్లు కాస్త సీటుకు అతుక్కోవాలి అనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. నాది ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ 1.5 డీఎస్‌జీ, తీసుకుని రెండేళ్లు దాటింది. జడ్చర్లలో ఉండే మా బామ్మర్దిది హ్యుందాయ్ వెర్నా టర్బో డీసీటీ. డీఎస్‌జీ, డీసీటీ రెండూ డ్యుయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లే. రెండు ఇంజిన్లకూ టర్బో, అంటే లోపలికి గాలిని ఒత్తి నింపే ఫ్యాన్ లాంటిది ఉంది. కలిసినప్పుడల్లా తాళాలు మార్చుకుంటాం కాబట్టి రెండూ చేతికి బాగా అలవాటయ్యాయి.

కాగితం మీద వెర్నాదే పైచేయి. 1482 సీసీ ఇంజిన్, 160 పీఎస్ (గుర్రాల లెక్క) పవర్, 253 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం). వర్టస్‌ది 1498 సీసీ, 150 పీఎస్, 250 ఎన్ఎం. ఆ పది గుర్రాలు ఎక్కువున్నాయని బామ్మర్ది మొదట్లో తెగ మురిసిపోయేవాడు. భూత్పూర్ దాటాక బెంగళూరు హైవే మీద రెండూ మార్చి మార్చి నడిపాక, "బావా, గింతేనా తేడా?" అన్నాడు.

అంతే మరి. 160 పీఎస్ వచ్చేది 5500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. రోజూ అంత పైకి ఎవరు లాగుతారు? ఓవర్‌టేక్ చేసేటప్పుడు పనికొచ్చేది కింద దొరికే టార్క్. అది వెర్నాలో 1500 నుంచి, వర్టస్‌లో 1600 నుంచి మొదలై 3500 దాకా తగ్గకుండా ఉంటుంది. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి లెక్కేస్తే, 3500 దగ్గర రెండూ ఇంచుమించు 125 పీఎస్ ఇస్తున్నట్టే. పది గుర్రాల తేడా కనపడేది ఆ పైనే.

కొనేముందు హోండా సిటీ పెట్రోల్ కూడా నడిపి చూశాను. టర్బో లేని ఇంజిన్, వెన్నలా తిరుగుతుంది. కానీ 121 పీఎస్ కావాలంటే 6600 దాకా తిప్పాలి. టార్క్ 145 ఎన్ఎం, అదీ 4300 దగ్గర. అదే 3500 లెక్కలో సిటీ 72 పీఎస్ దాటదు. టర్బో ఎందుకు అని అడిగేవాళ్లకు నేను చెప్పే లెక్క ఇదే.

జడ్చర్ల నుంచి కల్వకుర్తి దారిలో పత్తి సీజన్‌లో పోయినవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. లారీకి రెండు పక్కలా బోరెలు ఉబ్బి ఉంటాయి, ముందు ఏముందో కనపడదు. కుడికి కొంచెం జరిగి, ఎదురుగా ఖాళీ చూసి తొక్కితే గేర్‌బాక్స్ ఒక్క క్షణం ఆలోచించి కిందికి దిగుతుంది, ఆ తర్వాత ఒక్కటే తోపు. లారీ పక్కన ఉండే సమయం ఎంత తగ్గితే అంత మంచిది. అయినా ఖాళీ లేకుంటే ఆగాల్సిందే, ఇంజిన్‌ని చూసుకుని తెగించొద్దు.

అసలు తేడా తెలిసింది శ్రీశైలం రోడ్డులో. మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు కాబట్టి తెల్లారాకే అడవిలోకి పోతాం. దోమలపెంట, ఈగలపెంట దాటి పాతాళగంగ దిక్కు దిగేటప్పుడు ఇంజిన్ పవర్‌తో పనిలేదు, చిన్న గేర్‌లో పెట్టి బ్రేకులు కాపాడుకుంటే చాలు. తిరిగి వచ్చేటప్పుడు ఐదుగురం, ఏసీ ఆన్, రెండో గేర్. మలుపులో వేగం తగ్గి 1500 కిందికి పడిపోతే రెండు బండ్లూ కాసేపు మూలుగుతాయి. టర్బో ఊపందుకున్నాక వెర్నా ఒక్కసారిగా ఎగబడుతుంది. వర్టస్ అదే బలాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. రోడ్డు తడిగా ఉంటే ముందు చక్రాలు గిర్రున తిరిగి, చక్రాలు జారుతున్నాయని చెప్పే ట్రాక్షన్ లైటు మినుకుమంటుంది. రెండూ ముందు చక్రాలతో లాగేవే కాబట్టి ఇది తప్పదు. ఘాట్‌లో నా ఓటు మాత్రం వర్టస్‌కే.

మే నెల మధ్యాహ్నం రెండూ నీరసపడతాయి. వేడి గాలి పలచగా ఉంటుంది, పైగా నాకింగ్ (ఇంజిన్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండి టకటకమనడం) రాకుండా కంప్యూటర్ స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది. టెస్ట్ డ్రైవ్ ఎండలో చేసి "ఇంతేనా" అనుకునేవాళ్లు ఒకసారి పొద్దున్నే నడిపి చూడాలి.

మహబూబ్‌నగర్ ఊళ్లో సంగతి వేరే. మెట్టుగడ్డ నుంచి క్లాక్ టవర్ దాకా ట్రాఫిక్‌లో పాకించేటప్పుడు డ్యుయల్ క్లచ్ ఏదైనా కొంచెం తడబడుతుంది. ముందు బండికి జాగా వదిలి, బ్రేక్ పూర్తిగా తీసి కదిలితే నయం. ఊరి బయట రంగు వేయని స్పీడ్ బ్రేకర్ల దగ్గర నేలకూ బండి అడుగుకూ మధ్య ఉన్న 179 మిల్లీమీటర్ల ఎత్తు నన్ను కాపాడింది, బామ్మర్దికి 165తో కొంచెం టెన్షనే. రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట మాత్రం పవర్, టార్క్ అన్నీ మర్చిపోయి మెల్లగా పోవాలి. గింజల మీద బ్రేక్ వేస్తే టైరు జారుతుంది.

మైలేజీ నాకు హైవేలో 90 మీద పోతే 18 దాకా, ఊళ్లో 11. తేలిగ్గా పోయేటప్పుడు వర్టస్ నాలుగు సిలిండర్లలో రెండింటిని ఆపేస్తుంది. సీట్లో కూర్చున్నవాళ్లకు అది తెలియదు.

షోరూం వాళ్లు చూపించే గల్లీ రౌండుకు ఒప్పుకోకండి. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, 40 నుంచి 80కి ఎలా పోతుందో చూడండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కావాలని వేగం తగ్గించి మళ్లీ తొక్కండి. వెనక సీటు కూడా మరవద్దు. మా అత్తమ్మకు టార్క్ సంగతి అక్కర్లేదు. కాళ్లు చాపుకునే జాగా ఎక్కువుందని ఆమె ఎప్పుడూ వెర్నాలోనే ఎక్కుతుంది.