ఏడేళ్లుగా నా దగ్గరున్న రూన్ బిళ్లలు: ఆ ఖాళీ బిళ్ల మాత్రం తీసేయండి

రూన్లంటే ఉత్తర యూరప్‌లో జర్మానిక్ తెగలవాళ్లు వాడిన పాత అక్షరాలు. వాటిని బిళ్లల మీద వేసి, సంచిలోంచి ఒకటి తీసి శకునం చూసుకుంటారు. పాత వరసలో ఇవి 24, ఎనిమిదేసి చొప్పున మూడు వరసలు, ఒక్కోదానికి ఒక పేరు, ఒక అర్థం. ఇవన్నీ మళ్లీ చెప్పను, వీటితో ప్రశ్న చూసుకునేవాళ్లకి ఎలాగూ తెలుసు. నేను రాయాలనుకున్నది 25వ బిళ్ల గురించి. బజార్లో దొరికే చాలా సెట్లలో ఏ గీతా లేకుండా నున్నగా ఒకటి వస్తుంది చూడండి, ఆ తెగల పాత దేవుడు ఓడిన్ పేరుతో ఓడిన్ రూన్ అని పిలుస్తారు, అది. దాని మీద నాకు నాలుగేళ్లుగా కోపం, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మేం ఉండేది స్వీడన్‌లో, ఉప్సాలాలో. 2018 ఆగస్టులో గోట్లాండ్ దీవికి వెళ్లాం. విస్బీలో అప్పుడు మధ్యయుగాల వారం నడుస్తోంది, పాత కోటగోడ లోపల ఊరు ఊరంతా తిరనాళ్లలా ఉంది. అక్కడే ఒక చిన్న దుకాణంలో ఈ సెట్ కొన్నాను. బర్చ్ కొమ్మని దోసకాయ చక్రాల్లా కోసి, కాల్చిన ఇనుప మొనతో అక్షరాలు వేశారు. అంచున బెరడు అలాగే వదిలేశారు కాబట్టి ఏ రెండు బిళ్లలూ ఒకేలా ఉండవు. ఒక నార సంచి, అరచేతిలో పట్టే చిన్న పుస్తకం. సంచిలో చెయ్యి పెట్టి కదిపితే వచ్చే ఆ గలగల, వేళ్లకి తగిలే ఆ చెక్క, వీటికి మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా వంక పెట్టలేను. రాతి బిళ్లల సెట్ కూడా ఒకటి కొన్నాళ్లు వాడి చూశాను. ఇక్కడి చలికాలంలో వాటిని ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి.

మొదటి రెండు మూడేళ్లు చాలా బాగా గడిచింది. ఆదివారం పొద్దున ఇంట్లో ఇంకా ఎవరూ లేవకముందే కాఫీ కలుపుకుని, ఒకే ఒక్క బిళ్ల తీసి, నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకునేదాన్ని. సెట్‌తో వచ్చిన పుస్తకం తొందరగానే విసుగు పుట్టించింది, ఏ పేజీ తిప్పినా కొత్త ఆరంభం, లోపలి శక్తి, ఇవే మాటలు. దాన్ని పక్కన పెట్టి, ఒక్కో రూన్ గురించి ఒక్కో ముక్క చెప్పే పాత రూన్ పద్యాలు పట్టుకున్నాక అసలు రుచి తెలిసింది. ఇంగ్లండ్‌ది ఒకటి, నార్వేది ఒకటి, ఐస్‌లాండ్‌ది ఒకటి, ముఖ్యమైనవి ఈ మూడు. సంపదకి గుర్తైన ఫెహు గురించి నార్వే పద్యం చెప్పేది రెండే ముక్కలు: సొమ్ము అయినవాళ్ల మధ్య తగువు పెడుతుంది, తోడేలు అడవిలో పెరుగుతుంది. 2019లో మా తాతగారి స్థలం పంపకాల దగ్గర ఇంట్లో మాటామాటా పెరిగిన రోజుల్లో నాకు ఈ బిళ్ల వచ్చింది. అదే రోజు తమ్ముడికి ఫోన్ చేసి, నా వాటా గురించి ఇక మాట్లాడను, నువ్వే చూసుకో అని చెప్పేశాను. మనసు తేలికపడింది. చాలాకాలం కనిపించిన ప్రతివాళ్లకీ ఈ కథ చెప్పి, మీరూ ఒక సెట్ కొనుక్కోండి అనేదాన్ని. ఇప్పుడు ఆ నోట్‌బుక్ తిరగేస్తే, అంతకు ముందు మూడు వారాలు నేను రాసుకున్నదంతా ఆ స్థలం వదిలేయడం గురించే. ఫెహు కాకుండా ఇంకేది వచ్చినా ఫోన్ చేసేదాన్నే అనుకుంటాను.

ఇక 2021 మే. కోవిడ్ రెండో విడతలో నాన్నని కాకినాడలో హాస్పిటల్లో చేర్చారు. అమ్మకి కూడా పాజిటివ్, ఇంట్లో విడిగా ఒక గదిలో ఉంది. నేను బయల్దేరే దారి లేదు. తమ్ముడొక్కడే హాస్పిటల్ బయట మెట్ల మీద కూర్చుని గంటగంటకీ ఆక్సిజన్ అంకె మెసేజ్ పెట్టేవాడు. 88, 86, మళ్లీ 87.

రెండో రోజు రాత్రి నేను సంచి తీశాను. అడిగింది ఒక్కటే, నాన్న ఇంటికి వస్తారా అని. మొదట ఇసా వచ్చింది, అంటే మంచుగడ్డ. నచ్చలేదు. పది నిమిషాలాగి మళ్లీ తీస్తే ఖాళీది. దాన్ని లోపల వేసి, సంచి బాగా కుదిపి ఇంకోసారి తీస్తే మళ్లీ ఖాళీదే. పుస్తకం తెరిచాను. ఆ పేజీలో విధి అనీ, ఇక మన చేతుల్లో ఏమీ లేదనీ, ఒక్కోసారి మరణం కూడా అనీ రాసి ఉంది. వంటింటి టేబుల్ మీద దీపం కింద ఆ బిళ్ల, దాని మీద కొమ్మ వయసు చెప్పే సన్నటి వలయాలు తప్ప ఇంకేమీ లేదు. మిగతా ఏ రూన్ వచ్చినా పట్టుకోవడానికి కనీసం ఒక ఎద్దో, ఒక ప్రయాణమో, వడగళ్లో ఉంటాయి. ఇందులో ఏముంది? నాకు నాన్న ముఖమే కనిపించింది.

రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. అక్కడ తెల్లవారుజామున మూడు. తమ్ముడి పేరు. ఆ వేళప్పుడు ఫోన్ వచ్చిందంటే ఇంక ఒక్కటే కబురు అనుకున్నాను, బిళ్ల ముందే చెప్పేసింది కదా. ఎత్తలేదు. ఫోన్ వణుకుతూ వణుకుతూ టేబుల్ అంచుదాకా జరిగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. ఎత్తలేదు. మావారు లేచి వచ్చి నా వాలకం చూసి ఆయనే తిరిగి ఫోన్ చేసేసరికి నలభై నిమిషాలయింది. తమ్ముడు చెప్పిన మాట ఇది: ‘నాన్నకి ఆక్సిజన్ 91కి వచ్చింది బావా, నర్సమ్మ బయటికొచ్చి చెప్పింది. ఎవరికైనా చెప్పుకోవాలనిపించి అక్కకి చేశాను. ఎత్తకపోయేసరికి అక్కకేమైనా అయిందేమోనని టెన్షన్ పడ్డాను.’

నాన్న 11 రోజులకి ఇంటికి వచ్చారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, మెట్లెక్కితే కాస్త ఆయాసం. కానీ ఆ నలభై నిమిషాలూ నా తమ్ముడు మంచి కబురు చేతిలో పెట్టుకుని, చెప్పుకోవడానికి మనిషి లేక ఆ మెట్ల మీద కూర్చున్నాడు. నేను వాడి పేరు చూస్తూ ఇక్కడ కూర్చున్నాను.

ఆ ఏడాది చలికాలంలో ఉప్సాలాలో పాత రాతలు నేర్పే ఒక సాయంత్రం తరగతిలో చేరాను. ఇక్కడ పదిమంది కూడి ఏదో ఒకటి నేర్చుకునే ఇలాంటి బృందాలు మామూలే. ఖాళీ రూన్ గురించి అడిగితే నడిపించే పెద్దావిడ, అదెక్కడిది అని నన్నే అడిగారు. ఆరా తీస్తే తెలిసింది, దాని వయసు నా వయసంత కూడా లేదు. 1982లో అమెరికాలో అచ్చయిన ఒక పుస్తకంతో అది ప్రచారంలోకి వచ్చింది. నేను బిళ్లలు కొన్న గోట్లాండ్‌లోనే, కీల్వర్ అనే చోట 1903లో ఒక సమాధి పలక దొరికింది. దాదాపు క్రీ.శ. 400 నాటిది. 24 రూన్లూ వరసగా చెక్కి ఉన్నవాటిలో దొరికినంతవరకు అదే అన్నిటికంటే పాతది. దాని ఫోటో ముందు పెట్టుకుని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాను. అది అక్షరమాల. అక్షరమాలలో ఖాళీ అక్షరం ఏమిటి? అఆఇఈల మధ్య ఒక గడి వదిలేసి దానికి విధి అని పేరు పెడితే ఒప్పుకుంటామా? మా ఇంట్లో దేవుడి ముందు చీటీలు వేసేటప్పుడు నాన్నమ్మ మడతపెట్టే ముందు రెండు చీటీలూ విప్పి అందరికీ చూపించేది, సరే అని ఒకదాంట్లో, వద్దు అని ఒకదాంట్లో రాసి ఉందా లేదా అని. ఆవిడ చదివింది మూడో తరగతి. దేవుణ్ణి అడిగేటప్పుడు ఆ మాత్రం శుద్ధి ఉండాలని ఆవిడకి తెలుసు.

నా తప్పు లేదని అనను. రోమన్ రచయిత టాసిటస్ క్రీ.శ. 98లో జర్మానిక్ తెగల అలవాట్ల గురించి రాస్తూ వాళ్లు శకునం ఎలా చూసేవాళ్లో చెప్పాడు. కాయలు కాసే చెట్టు కొమ్మ నరికి, ముక్కలు చేసి, గుర్తులు వేసి, తెల్లగుడ్డ మీద చల్లుతారు. ఊరి సంగతైతే పూజారి, ఇంటి సంగతైతే ఇంటిపెద్ద, దేవుళ్లకి మొక్కి, ఆకాశం వైపు చూస్తూ మూడు ముక్కలు తీస్తాడు. వద్దని వస్తే ఆ రోజుకి ఆ విషయం ఇక అడగరు. సరేనని వచ్చినా వేరే శకునాలు చూసి రూఢి చేసుకుంటారు. ఆ గుర్తులు రూన్లే అని టాసిటస్ చెప్పలేదు, అది గుర్తుంచుకోవాలి. కానీ ఆ నియమం చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. నేను అరగంటలో మూడుసార్లు అడిగాను. మొదట వచ్చిన ఇసా దగ్గర ఆగి ఉంటే? దానికి నార్వే పద్యం: మంచుని వెడల్పాటి వంతెన అంటాం, చూపులేనివాణ్ణి చెయ్యి పట్టి నడిపించాలి. ఆ పద్యం నాకు అప్పటికే వచ్చు. ఆ రాత్రి గుర్తు రాలేదు. అంతా అయ్యాక తీరిగ్గా చదువుకుంటున్నాను కాబట్టి ఇంత చక్కగా అతుకుతోందేమో, అది కూడా ఒప్పుకోవాలి.

అప్పటినుంచి ఒక విషయానికి ఒక రోజుకి ఒక్కసారే. తలకిందులుగా పడితే చెడు అనే లెక్క కూడా మానేశాను, 24లో తొమ్మిది తలకిందులు చేసినా ఒకేలా ఉంటాయి, వాటికి ఆ లెక్కే పనిచెయ్యదు. వేల ఏళ్లుగా చెక్కుచెదరకుండా వస్తున్న విద్య అని నేనూ ఒకప్పుడు అందరికీ చెప్పాను, ఇప్పుడు చెప్పను. ఉప్సాలా యూనివర్సిటీ పార్కులో నిలబెట్టిన రూన్ రాళ్లు చదవడం నేర్చుకున్నాక తెలిసింది, ఈ చుట్టుపక్కల రాళ్ల మీద ఎక్కువగా ఉండేది ఫలానావాళ్లు తమ తండ్రి జ్ఞాపకంగా ఈ రాయి నిలబెట్టించారు అనే మాటే. జోస్యాలు కావు. నాకు అవే ఎక్కువ దగ్గరగా అనిపిస్తాయి. ఇంకో మాట, ఒథాలా అనే రూన్ ఉన్న లాకెట్ మాత్రం వేసుకుని తిరగకండి. నాజీలు వాడుకున్న గుర్తుల్లో అదొకటి, ఇక్కడ చూసేవాళ్లు ఇంకోలా అనుకుంటారు.

కొనుక్కోమంటారా అని అడిగితే, నాలాగా నెమ్మదిగా ఒక్కో పద్యం నేర్చుకుంటూ వారానికి ఒకటి తీసుకునే ఓపిక ఉంటే కొనుక్కోండి, చెక్కవే కొనుక్కోండి. ఇంట్లో ఎవరైనా హాస్పిటల్లో ఉన్నప్పుడు మాత్రం సంచి అటకెక్కించండి. మీ గుండె నాకంటే గట్టిదైతే మీ ఇష్టం.

2023లో ఇల్లు మారినప్పుడు సంచి మూతి వదులై ఒక బిళ్ల పోయింది. ఏదా అని చూస్తే ఇసా. పోయినదాని బదులు ఎక్కడా అలాంటిది దొరకలేదు. డ్రాయర్లో రబ్బరు బ్యాండ్ల మధ్య పడేసిన ఖాళీ బిళ్ల తీసి, కూరగాయల చాకు మొనతో నిలువుగా ఒక గీత గీశాను. ఇసాకి ఉండేది ఆ ఒక్క గీతే. నూనెలో కుంకుమ కలిపి గీతలో రుద్దాను. సంచిలో వేశాను. ఒకే ఇబ్బంది, చాకుతో గీసిన గీత మిగతావాటికంటే లోతుగా దిగింది, నా వేలికి తగలగానే అదేనని తెలిసిపోతోంది. అందుకని ఇప్పుడు బిళ్ల మా అమ్మాయి తీస్తుంది. తొమ్మిదేళ్లు దానికి. నేనేమీ చెప్పకపోయినా, సంచిలో చెయ్యి పెట్టే ముందు కళ్లు గట్టిగా మూసుకుంటుంది.