న్యూజిలాండ్‌లో క్రిస్మసా, మతారికియా: కొత్తవాళ్లకు ఏది మేలు?

న్యూజిలాండ్‌లో క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది. మంచు గ్రీటింగ్ కార్డుల మీదే. డిసెంబరులో ఉత్తర ద్వీపం తీరాల్లో పొహుతుకావా చెట్లు ఎర్రగా పూస్తాయి, అక్కడివాళ్లకు క్రిస్మస్ చెట్టు అదే. మధ్యాహ్నం పెరట్లో బార్బెక్యూ, తీపికి గుడ్డు తెల్లసొనతో చేసే పావ్లోవా, ఆపైన బీచ్. ఆక్లాండ్‌లో రాత్రి ఎనిమిదిన్నరకీ వెలుతురు పోదు. సరదాకి దీన్ని మించింది లేదు.

కాకపోతే అది కుటుంబాల పండుగ. డిసెంబరు 25న చట్టం ప్రకారం చాలా దుకాణాలు తెరవకూడదు. ఎవరిళ్లలో వాళ్లుంటారు. చుట్టాలు, స్నేహితులు లేని విద్యార్థికి ఆ రోజు గడవడమే కష్టం. పాలు, కూరగాయలు ముందురోజే తెచ్చుకోకపోతే ఇంకో టెన్షన్.

మతారికి చలికాలపు పండుగ. కొన్నాళ్లు కనుమరుగైన కృత్తికలు తెల్లవారుజామున మళ్లీ కనిపిస్తే అక్కడి మూలవాసులైన మావోరీలకు కొత్త సంవత్సరం. చంద్రుడి లెక్క కాబట్టి ఉగాదిలాగే తేదీ మారుతుంది: 2024లో జూన్ 28, 2025లో జూన్ 20. సెలవు మాత్రం ఎప్పుడూ శుక్రవారమే. జాతీయ సెలవుగా మొదలైంది 2022లోనే. తారనాకీ వైపు కొన్ని తెగలు కృత్తికలకు బదులు పువాంగా, అంటే రైజెల్ నక్షత్రం కోసం చూస్తాయి.

చీకటుండగానే జనం చేరతారు. ఆ ఏడాది పోయినవాళ్లను పేరుపేరునా తలుచుకుంటారు. వండిన ఆహారం ఆవిరిని నక్షత్రాలకు నివేదిస్తారు, దాన్ని హౌతాపు అంటారు. రాబోయే ఏడాది కోరికలు హివా అనే తారకు చెప్పుకుంటారు. చాలా ఊళ్లలో ఇవి అందరికీ తెరిచిన కార్యక్రమాలు, ఎవరి పిలుపూ అక్కర్లేదు. కొత్తగా వచ్చి ఒంటరిగా ఉన్నవాళ్లకు మతారికే మేలని నేననేది అందుకే.

క్రిస్మస్ తెల్లవాళ్లది, మతారికి మావోరీలది అని గీత గీయడం మాత్రం సరికాదు. 1814 క్రిస్మస్ రోజున ఉత్తర ద్వీపంలోని ఓయిహిలో క్రైస్తవ మతబోధకుడు శామ్యూల్ మార్స్‌డెన్ ప్రార్థన జరిపితే, ఏర్పాట్లు చేసింది మావోరీ నాయకుడు రువాతారా. మావోరీల్లో క్రైస్తవులు ఎందరో ఉన్నారు. మట్టిగుంతలో వేడిరాళ్ల మీద వండే హాంగీని క్రిస్మస్‌కూ చేసుకుంటారు.

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలైతే డిసెంబరే చూసుకోండి. ఇంట్లో మనుషులుంటారు, చలి బాధ లేదు, టికెట్టు ధర మాత్రం మండిపోతుంది. మతారికికి వెళ్తే మందపాటి స్వెటర్ తప్పదు. మబ్బు పట్టిందంటే అంత పొద్దున్నే లేచినా నక్షత్రాలు కనబడవు.