వేదిక మీద మాటలా, కట్టడంలో నడకా?

ఆర్కిటెక్టుతో సంభాషణ రెండు చోట్ల జరగవచ్చు: సభావేదిక మీద, తెరపై బొమ్మలు చూపిస్తూ, లేదా వారు కట్టిన చోటే, నడుస్తూ. నా ఓటు రెండోదానికే.

అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి తన కార్యాలయంగా కట్టుకున్న సంగత్‌నే తీసుకోండి. ఫొటోలో అది తెల్లటి కమాను కప్పుల వరుస. దగ్గరికి వెళితే ఆ తెలుపంతా పగిలిన పింగాణీ ముక్కలదని తెలుస్తుంది. ఎండను తిప్పికొట్టడానికి అతికించినవి. గదులు సగం నేలలోకి దిగి ఉంటాయి. కప్పుల మీద పడిన వాన కాలువల్లోకి జారుతుంది. ఇలాంటి చోట ప్రశ్నలు కూడా మారిపోతాయి. "మీ సిద్ధాంతం ఏమిటి?" అని ఎవరూ అడగరు, "ఈ మెట్టు ఇంత వెడల్పు ఎందుకు?" అంటారు. సిద్ధాంతం గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పేవారు కూడా మెట్టు దగ్గర కాసేపు ఆలోచించాల్సిందే.

వేదికతో ఒక మేలుంది. పశ్చిమ ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసోలోని గాండో గ్రామానికి అందరం వెళ్లలేం కదా! అక్కడ 2001లో పూర్తయిన బడిలో మట్టి ఇటుకల సీలింగుకు పైన, ఎడంగా, రేకుల కప్పు ఎందుకు లేపారో దాని ఆర్కిటెక్టు ఫ్రాన్సిస్ కేరే ఒక్క సెక్షన్ డ్రాయింగ్ (కట్టడాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) చూపిస్తే చాలు, వేడిగాలి దారి కళ్లకు కడుతుంది. బొమ్మల్లేని ప్రసంగమైతే మాత్రం నేను తలుపు దగ్గరి కుర్చీ చూసుకుంటాను.