వరద పలకలు: ఒక తుఫాను రాత్రి గడిచాక

తీరంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో జనరేటర్ గది చూసుకోవడం నా పని. పోయిన తుఫానుకు ముందు ఆ గది గుమ్మానికి విప్పి బిగించుకునే అల్యూమినియం వరద పలకలు పెట్టించారు.

ఇద్దరం కలిసి పావుగంటలో బిగించేశాం. మోకాలి లోతు ఉప్పునీళ్లు రాత్రంతా బయటే ఆగాయి. లోపల గుమ్మం మూలన మాత్రం అరచేయంత తడి. టార్చి వేసి చూస్తే కింది రబ్బరు పట్టీలో ఇసుక ఇరుక్కుని ఉంది. బిగించే ముందు పలక కూర్చునే గాడి తుడవాలని అమర్చినవాళ్లు చెప్పాల్సింది. మీటరు ఎత్తు నీళ్లు మీటరు వెడల్పు పలకను దాదాపు 500 కిలోల బరువుతో నెడతాయి. చిన్న సందు దొరికినా చాలు.

నాకు కోపం తెప్పించింది బోల్టులు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి ఇచ్చారు, ఉప్పుగాలికి అప్పుడే తుప్పు మచ్చలు. సముద్రం పక్కన మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకమే మేలు. ఆర్డర్‌లోనే రాయించుకోండి.

పలకలు మాత్రం నిక్షేపంగా పనిచేశాయి. అలాగని జనరేటర్‌ను నేలమీదే ఉంచేయకండి. మాది ఎత్తైన దిమ్మె మీదకి మార్చమని అర్జీ పెట్టాను. కరెంటు పోయిన రాత్రి వైర్‌లెస్ సెట్టు, హెచ్చరిక సైరన్ జనరేటర్ మీదే కదా నడవాలి!