సింటిన్: సోవియట్ల ఖరీదైన కిరోసిన్‌కి నా మార్కులు

రాకెట్ ఇంధనానికి రివ్యూ ఏంటని నవ్వకండి. కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఫార్ములా కనిపిస్తే మార్కులు వేయకుండా ఉండలేను.

సింటిన్ అంటే సోవియట్ కెమిస్టులు తయారుచేసిన కృత్రిమ కిరోసిన్. 1982 నుంచి సోయుజ్-యు2 రాకెట్ మధ్య భాగంలో దీన్ని ద్రవ ఆక్సిజన్‌తో మండించారు. చుట్టూ ఉండే నాలుగు బూస్టర్లకు మాత్రం మామూలు కిరోసినే.

ముందు అణువు సంగతి. సీ10హెచ్16, అందులో మూడు సైక్లోప్రొపేన్ వలయాలు, అంటే మూడేసి కార్బన్లు ముక్కోణంలా కలిసినవి. కార్బన్ బంధాల మధ్య కోణం 109.5 డిగ్రీలుంటే అణువుకి సుఖం. ఈ ముక్కోణపు వలయంలో అది 60కి కుదించుకుపోతుంది. ఎక్కుపెట్టిన వింటిలో ఉన్నట్టు ఆ బిగువంతా లోపలే ఉండి, మండేటప్పుడు అదనపు వేడిగా బయటికొస్తుంది. అలాంటివి మూడు పక్కపక్కనే ఇరికించారు! ఏ స్టూడెంటైనా ఈ బొమ్మ గీసి తెస్తే "ఇది నిలబడుతుందా నాయనా?" అని అడిగేవాణ్ణి. నిలబడింది, పైగా మోసుకెళ్లే బరువు దాదాపు 200 కిలోలు పెరిగింది. రాకెట్‌ని కొత్తగా కట్టాల్సిన పని లేకుండా ఈ లాభం రావడమే నాకు బాగా నచ్చింది.

రాకెట్ బలం పెంచుకోవడానికి ఇంకో దారి, కిరోసిన్ బదులు హైడ్రోజన్. అమెరికా 1963లోనే సెంటార్ అనే పై దశ రాకెట్‌తో హైడ్రోజన్‌ని మండిస్తూ కక్ష్యకు చేరింది. సోవియట్ల హైడ్రోజన్ ఇంజన్ ఎగిరింది 1987లో, ఎనర్జియా రాకెట్‌తో. ఈలోగా వాళ్లు ఫ్లోరిన్, అమ్మోనియాలతో ఆర్‌డీ-301 అనే ఇంజన్‌ని కూడా మండించి చూశారు. దాని పొగలో వచ్చేది హైడ్రోజన్ ఫ్లోరైడ్, తడి తగిలితే గాజునే తినేసే సరుకు. అది టెస్ట్ స్టాండు దాటలేదు, మంచిదే అయింది. దాని పక్కన సింటిన్ బుద్ధిమంతురాలు. 1988లో సోవియట్ల స్పేస్ షటిల్ బురాన్ కక్ష్యలో వాడిన ఇంజన్లకూ ఇదే పోశారు.

మార్కులు పోయేది ధర దగ్గరే. ముడి చమురును శుద్ధిచేస్తే వచ్చే కిరోసిన్ ఎక్కడ, ఒక్కో మెట్టూ ఎక్కుతూ అణువును పేర్చుకురావాల్సిన ఇది ఎక్కడ! సోవియట్ యూనియన్ పోయాక ఆ ఖర్చు భరించడం కష్టమైంది. 1995 సెప్టెంబర్ 3న మిర్ అంతరిక్ష కేంద్రానికి ముగ్గురిని తీసుకెళ్లడంతో సోయుజ్-యు2 కథ ముగిసింది. తర్వాత 2001లో వచ్చిన సోయుజ్-ఎఫ్‌జీ, ఇంజన్లలో ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు మెరుగుపరుచుకుని, మామూలు కిరోసిన్‌తోనే దాదాపు అంత బరువూ మోసింది.

కెమిస్ట్రీకి పదికి పది. కొనేవాడి లెక్కలో ఐదు.